జనం సొమ్ముతో వేసిన ట్రాక్ మీద మీ లారీలు: మరమ్మతు ఖర్చు ఎవరిది?

అనంతపురం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
లీగ్ నిర్వహణ సంస్థ

విషయం: లీగ్ ఏర్పాట్లలో స్టేడియం సింథటిక్ ట్రాక్ (తారు మీద రబ్బరు పొర పోసిన పరుగు బాట) పాడవడం, దాని మరమ్మతు గురించి.

అయ్యా,

లీగ్ అయిపోగానే స్టేజీ, ఎల్‌ఈడీ తెరలు విప్పి తీసుకుపోయారు. ట్రాక్ ఏమైందో చూసేందుకు మీ తరఫున ఎవరూ రాలేదు. గేటు ఎదురుగా 1 నుంచి 4 లేన్ల దాకా లారీ చక్రాల గాడి పడింది. రెండో మలుపులో క్రేన్ కాళ్లు దిగిన చోట గుంటలు పడి, చుట్టూ పొర బొబ్బలెక్కింది. జనరేటర్ పెట్టిన చోట డీజిల్ కారి రబ్బరు ఉబ్బిపోయింది, గోటితో గీకితే పొడి రాలుతోంది.

ఇదేమిటని అడిగితే "వాడితే అరగదా" అన్నది మీ ఆఫీసు జవాబు. ఇది అరుగుదల కాదు. పై పొర మందం 13 మిల్లీమీటర్లే. కింది తారు పొర మనుషులు పరుగెత్తడానికి వేసింది. మన ఎండకు తారు మెత్తబడే ఉంటుంది, దాని మీద క్రేన్ బరువంతా నాలుగు కాళ్ల మీద మోపితే ఆ తారు దిగబడి పైనున్న పాలీయురేథేన్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) పొర పట్టు వదిలేస్తుంది. డీజిల్‌కు ఈ రబ్బరు గుళికలు అసలు తట్టుకోవు. గుంటల్లో నిలిచిన వాన నీళ్లు అంచుల్లోంచి లోపలికి పోయి పక్కనున్న మంచి పొరను కూడా లేపుతాయి. ఈ వానాకాలం దాటేసరికి పాడైన జాగా ఇంకా పెరుగుతుంది.

మీరు పంపిన పనివాళ్లు జిగురు పోసి, పైన ఎర్ర రంగు కొట్టి పోయారు. పరుగు బూట్ల అడుగున ఉండే స్పైకుల (మేకుల) కింద అది నిలవదు. ఆ పని ఇలా జరగాలి: పొరను తట్టి చూసి, బోలు శబ్దం వచ్చిన చోటంతా దాటి, గట్టి భాగం దాకా చతురస్రంగా, అంచులు నిట్టనిలువుగా కోయాలి. దిగిన తారును తీసి మళ్లీ వేసి, బాగా ఆరనివ్వాలి. తడి ఉండగా ప్రైమర్ (పొర అతుక్కునేందుకు ముందు కొట్టే పూత) కొడితే మళ్లీ బొబ్బలే. తర్వాతే అదే మందంలో పొర పోయాలి. చదును చూసేందుకు పైన 4 మీటర్ల తిన్నని పట్టీ పెడితే దాని కింద సందు 6 మిల్లీమీటర్లు, 1 మీటరు పట్టీ పెడితే 3 మిల్లీమీటర్లు దాటకూడదు. లేన్ గీతలు మళ్లీ 1.22 మీటర్ల కొలతతో వేయాలి.

ఇక డబ్బు సంగతి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది వ్యవహారం. ట్రాక్, గ్యాలరీ, ఫ్లడ్‌లైట్లు ప్రజాధనం. టికెట్లు, ప్రకటనల రాబడి మీది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) మైదానం ఈ ఊళ్లోనే ఉంది, అది ట్రస్టుది, దాని లెక్క వేరు. ఇది ప్రభుత్వ స్టేడియం. నష్టం మీరు కట్టకపోతే అదే పన్నుల డబ్బు రెండోసారి ఖర్చవుతుంది.

అద్దె ఒప్పందం వ్యాపార రహస్యమని మీరంటున్నారు. సమాచార హక్కు చట్టం 2005లోని 8(1)(డి) అలాంటి మినహాయింపు ఇస్తుంది, నిజమే. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చని కూడా అందులోనే ఉంది. దరఖాస్తు పెడుతున్నాం.

15 రోజుల్లో మరమ్మతు తేదీలు రాతపూర్వకంగా తెలపండి. పాడైన భాగాన్ని మీ ఇంజినీరు, మా కోచ్‌లు కలిసి కొలవాలి. వచ్చే సీజన్‌లో వాహనాలు ఒకే చోట, కింద రబ్బరు మ్యాట్, పైన మందపాటి ప్లైవుడ్ పరిచిన దారిలోనే ట్రాక్ దాటాలి. క్రేన్, జనరేటర్ ట్రాక్ బయటే ఉండాలి. డిపాజిట్ ముందే కట్టాలి.

ఇట్లు,
స్టేడియంలో సాధన చేసే అథ్లెట్లు, కోచ్‌లు

నకలు: జిల్లా కలెక్టరు గారికి