1948 చరిత్ర ప్రదర్శనను ఏలినవారి ఇష్టానికి వదలవద్దు

సంపాదకులకు,

సెప్టెంబరు 17 దగ్గరపడితే చాలు, హైదరాబాద్ సంస్థాన విలీనానికి స్మారక మందిరాలు, మ్యూజియంలు కట్టాలన్న మాట మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దుకు ఇటూ అటూ వినిపిస్తుంటుంది. కట్టవద్దని నేను అనను. కానీ అందులో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తేల్చేదెవరని పునాదిరాయి పడకముందే అడగాలి. 1956 దాకా ముధోల్ మా నాందేడ్ జిల్లాలో, కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి; రాష్ట్రాల పునర్విభజనలో చెరోవైపు పోయాయి. ఇప్పుడు అదే రోజును మహారాష్ట్ర మరాఠ్వాడా ముక్తిసంగ్రామ దినంగా, కేంద్రం హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతుంటే, తెలంగాణ 2022లో జాతీయ సమైక్యత పేరుతో, ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన పేరుతో జరిపింది. ఉత్సవాల సంగతి పోనీయండి, అవి ఒక్కరోజు ముచ్చట. మ్యూజియం గోడమీది రాతను మాత్రం బడిపిల్లలు సాక్ష్యంగా నమ్ముతారు.

నిజాం పాలనకు కొమ్ముకాసిన ఖాసిం రజ్వీ సాయుధ దళం రజాకార్లు చేసిన హత్యలు, దోపిడీలు ఆ గోడమీద ఉండవలసినవే. ఊచకోతలు జరిగిన పరకాల, బైరాన్‌పల్లి పేర్లను తగ్గించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంపై మొదలుపెట్టిన ‘పోలీసు చర్య’ అయిదు రోజుల్లో ముగిశాక ఊళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి కేంద్రం పంపగా వచ్చిన పండిత సుందర్‌లాల్ బృందం రాసిన నివేదిక కూడా అక్కడ ఉండాలి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయని, సంస్థానం మొత్తంమీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, వారిలో అత్యధికులు ముస్లింలని అది చెప్పింది. ఆ అంచనాను ఒప్పుకోనివారి వాదన కూడా పక్కనే పెట్టవచ్చు. దశాబ్దాల తరబడి బయటికి రాని ఈ నివేదికలోనే, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం నేతగాళ్లను కాపాడారని కూడా ఉంది. నివేదికను దాచిపెట్టినవారు ఆ మంచిని కూడా దాచారు! ఇక తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న రైతులపైకి 1948 తర్వాత అదే సైన్యాన్ని నడిపించిన సంగతి విజయగాథలో ఇమడదు కాబట్టి సాధారణంగా ఎవరి లెక్కలోకీ రాదు.

మ్యూజియంలలో ఏలినవారి జోక్యం ఎప్పుడూ లిఖితపూర్వకమైన నిషేధంగా రాదు. పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం 2017 మార్చిలో తెరుచుకుంది. అన్ని దేశాల పౌరుల బాధను చూపుతూ పోలండ్ వీరత్వాన్ని తక్కువ చేసిందన్నది అప్పటి ప్రభుత్వ అభ్యంతరం. అందుకు వారు పట్టిన దారి చూడండి: ఇంకా కట్టని మరో మ్యూజియంతో దాన్ని విలీనం చేసి, పాత సంస్థే లేదు కాబట్టి పాత డైరెక్టరూ లేడని తేల్చి, ఆ తర్వాత ప్రదర్శనను మార్చారు. సోవియట్ కాలపు నిర్బంధ శిబిరాల కథ చెప్పే మాస్కోలోని గులాగ్ చరిత్ర మ్యూజియం 2024 నవంబరులో అగ్నిమాపక నిబంధనల పేరిట మూతపడింది. ప్రజాస్వామ్యానికి పెద్దన్నననుకునే అమెరికాలోనూ హిరోషిమాపై అణుబాంబు వేసిన విమానం చుట్టూ స్మిత్‌సోనియన్ మ్యూజియంల సంస్థ తలపెట్టిన ప్రదర్శన మాజీ సైనిక సంఘాలు, చట్టసభ సభ్యుల ఒత్తిడితో 1995లో రద్దయింది, ఆ సంస్థకు చెందిన వైమానిక, అంతరిక్ష మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేయవలసి వచ్చింది. బాంబు కింద చనిపోయినవారి గురించి చెప్పవలసినదంతా పక్కకు పోయి విమానమొక్కటే మిగిలింది. మన దగ్గర ఇంత శ్రమ కూడా అక్కరలేదు, పాలకమండలిలో తమవారిని కూర్చోబెడితే సరిపోతుంది.

అందుచేత రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. మ్యూజియానికి నిధులిచ్చే ఉత్తర్వులోనే, ప్రదర్శనాంశాలను చరిత్రకారులు, పురాలేఖ నిపుణులు ఉన్న స్వతంత్ర సంఘమే నిర్ణయిస్తుందని, ఆ సంఘంలో ఇరు రాష్ట్రాలవారూ ఉంటారని, డైరెక్టర్‌ను పదవీకాలం ముగియకముందు తొలగిస్తే కారణం బహిరంగంగా చెప్పాలని రాయాలి. ప్రతి ఫలకం కింద ఆధారపత్రం ఏదో ఉండాలి. ఒక ఫలకం తీసేసినా, మార్చినా ఎప్పుడు, ఎవరి ఆదేశంమీద అన్నది సందర్శకులు చూడగలిగే రిజిస్టరులో నమోదు కావాలి. సుందర్‌లాల్ నివేదిక పూర్తి పాఠాన్ని మరాఠీ, తెలుగు, ఉర్దూల్లో అచ్చువేయించి అక్కడే చదువుకోవడానికి ఉంచాలి. సాక్షుల్లో ఇంకా బతికి ఉన్న కొద్దిమందీ తొంభైకి అటూఇటూ ఉన్నారు కనుక వారి మాటలను రికార్డు చేసే పని మాత్రం భవనం పూర్తయ్యేదాకా ఆపకుండా ఈ ఏడే మొదలుపెట్టాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా