రేసు వద్దు సార్, మా పిల్లలకు ముందు ఒక చిన్న ట్రాక్ ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా, యువజన, క్రీడల శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు నడుపుకుంటున్నాను. షాఫ్టులు, బుష్‌లు తిప్పడం, అరిగిన హబ్బులు సరిచేయడం నా పని. ఇరవై ఏళ్ల పైబడి ఇదే. మా అమ్మాయికి పదకొండేళ్లు. తను రేసు డ్రైవర్ అవుతానంటోంది. పిల్లలు ఏవేవో అంటుంటారు, నాలుగు రోజులైతే మర్చిపోతారు అనుకున్నాను. రెండేళ్లయింది, మర్చిపోలేదు. అందుకే మీకు రాస్తున్నాను. రోడ్డు మీద బండి నడపడానికి లైసెన్సు ఇచ్చే శాఖా, ఆటలు చూసే శాఖా రెండూ మీ దగ్గరే ఉన్నాయి. నేను అడగబోయేది ఆ రెండింటికీ సంబంధించిందే. మన బీచ్ రోడ్డులో పెద్ద కార్ల రేసు పెట్టాలనేవాళ్లున్నారు; దానికంటే ముందు పిల్లలు నేర్చుకోవడానికి ఒక చిన్న ట్రాక్ కావాలంటున్నాను.

తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు తీసుకెళ్లి, చిన్నపిల్లల రేసు కార్టు, అంటే నేలకి ఆనినట్టుండే చిన్న రేసు బండి ఎక్కించాను. సరదాకి తిప్పే కార్టు కాదు, పోటీల్లో నడిపే అసలుది. పది నిమిషాలు తిరిగి వచ్చి, హెల్మెట్ తీయకుండానే నాతో అన్న మొదటి మాట ఇది: "నాన్నా, మలుపులో లోపలి వైపు వెనక చక్రం కొంచెం పైకి లేస్తోంది. అది లేచినప్పుడే బండి బాగా తిరుగుతోంది."

మీకు ఇది చిన్న మాటలా అనిపించవచ్చు. నాకు ఒళ్లు జలదరించింది. మలుపులో రెండు వైపుల చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్టుకి ఉండదు సార్. వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద బిగించి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. రెండూ కలిపి కట్టేసినట్టు ఉంటే బండి తిరగనని మొండికేస్తుంది. అందుకే స్టీరింగ్ తిప్పగానే ఛాసిస్, అంటే ఇనుప గొట్టాల చట్రం, కొద్దిగా మెలితిరిగి, లోపలి చక్రం నేలని వదిలేసేలా దాన్ని తయారుచేస్తారు. సస్పెన్షన్ కూడా ఉండదు, ఆ ఇనుప గొట్టాలే సస్పెన్షన్. నాకు ఇదంతా తెలియడానికి ఎన్నో ఏళ్లు లేత్ దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఆ పిల్లకి పది నిమిషాల్లో నడుముతో తెలిసింది. షాపులో నా దగ్గర పనిచేసే పెద్దాయనకి చెబితే, "గుంటకి చెయ్యి తిరిగిందిరా, ఆపకు" అన్నాడు.

ఆపలేదు. కానీ ఈ రెండేళ్లలో తను నిజమైన ట్రాక్ మీద తిరిగింది ఏడంటే ఏడుసార్లు. బెంగళూరుకి ఒక రాత్రి రైలు, కోయంబత్తూరుకి అలెప్పీ బండి, కార్టు అద్దె, టైర్లు, లాడ్జి. ప్రతిసారీ షాపు మూసి వెళ్లాలి, స్కూల్లో సెలవు చీటీ రాయాలి. తనతో పోటీపడే పిల్లలు ప్రతి శనివారం, ఆదివారం ట్రాక్ మీద ఉంటారు. మేము మూడు నెలలకోసారి వెళ్లి, పోయినసారి నేర్చుకున్నది గుర్తు చేసుకోవడంతోనే సగం రోజు అయిపోతుంది.

ఈ ఆటలో పైకి వెళ్లే దారి ఎంత చిన్న వయసులో మొదలవుతుందో తెలిస్తే నా టెన్షన్ మీకు అర్థమవుతుంది. నెదర్లాండ్స్ డ్రైవర్ మ్యాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో, కార్ల రేసుల్లో అన్నిటికంటే పై మెట్టయిన ఫార్ములా వన్‌లో అడుగుపెట్టినప్పుడు వయసు 17 ఏళ్లు. అప్పటికి మామూలు కారు నడపడానికి లైసెన్సు కూడా లేదు, అది పద్దెనిమిదో పుట్టినరోజున వచ్చింది. మరుసటి ఏడాదే స్పెయిన్‌లో గెలిచాడు. 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్. చిన్నవాడే అని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, నాలుగేళ్ల వయసులో కార్టు ఎక్కిన పిల్లాడతను. అంటే 17 ఏళ్లకి పదమూడేళ్ల అనుభవం. ఆ తర్వాత నిబంధనలు గట్టి చేశారు. ఇప్పుడు ఫార్ములా వన్ నడపాలంటే సూపర్ లైసెన్స్ కావాలి. దానికి మామూలుగా 18 ఏళ్లు నిండాలి, కింది స్థాయి పోటీల్లో 40 పాయింట్లు సంపాదించాలి. బాగా కింది మెట్టయిన ఫార్ములా 4 కారు 15 ఏళ్లకే ఎక్కవచ్చు. ఈ మెట్లన్నింటికీ అడుగున ఉండేది కార్టింగే. 2026లో ఫార్ములా వన్‌లో ఉన్న సీట్లు మొత్తం 22. మన దేశం నుంచి ఇంతవరకు అక్కడ రేసు నడిపినవాళ్లు ఇద్దరే: 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఫార్ములా వన్‌కి కింది మెట్టయిన ఫార్ములా 2లో బెంగళూరు కుర్రాడు కుశ్ మైనీ ఉన్నాడు. 2025 మే నెలలో మొనాకోలో స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచాడు. ఆ రోజు అక్కడ మన జాతీయ గీతం వినిపిస్తుంటే మా అమ్మాయి టీవీ ముందు లేచి నిలబడింది.

హైదరాబాద్‌లో ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగిన దగ్గర్నుంచి మా ఆటోనగర్‌లో కూడా అనేవాళ్లున్నారు, మన బీచ్ రోడ్డులో ఇంకా బాగుంటుందని. నిజమే, సముద్రం పక్కన కార్లు పరుగెత్తితే ప్రపంచం చూస్తుంది. కానీ దయచేసి అక్కడి నుంచి మొదలుపెట్టకండి. హుస్సేన్ సాగర్ పక్కన 2023 ఫిబ్రవరి 11న ఒక్క రేసు జరిగింది, 2024లో జరగాల్సింది రద్దయింది. ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు నడిచి, పన్నుల గొడవల మధ్య ఆగిపోయింది. ఆ మూడుసార్లూ గెలిచింది సెబాస్టియన్ వెటెలే.

ఆ వెటెల్ పెరిగిన ట్రాక్ గురించి చెప్పాలి. జర్మనీలో కెర్పెన్ అని ఒక చిన్న ఊరు. అక్కడొక కార్ట్ ట్రాక్. రోల్ఫ్ షూమాకర్ అనే తాపీమేస్త్రి ఆ ట్రాక్ చూసుకుంటూ, కార్టులు రిపేరు చేసేవాడు. ఆయన భార్య అక్కడే క్యాంటీన్ నడిపేది. వాళ్ల పెద్దబ్బాయికి నాలుగేళ్లప్పుడు, కాళ్లతో తొక్కే బొమ్మ కార్టుకి చిన్న ఇంజన్ బిగించి ఇచ్చాడు. డబ్బున్నవాళ్ల పిల్లలు వాడి పారేసిన టైర్లతో ఆ అబ్బాయి రేసులు నడిపాడు. అతనే మైఖేల్ షూమాకర్, ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్. తమ్ముడు రాల్ఫ్ కూడా ఫార్ములా వన్ రేసులు గెలిచాడు. తర్వాతి తరంలో అదే ట్రాక్ మీద తిరిగిన వెటెల్ నాలుగుసార్లు ఛాంపియన్ అయ్యాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాపీమేస్త్రి కొడుకు అక్కడిదాకా వెళ్లాడంటే, ఇంటి దగ్గర ఒక ట్రాక్ ఉంది కాబట్టి.

అంత దూరం ఎందుకు, కోయంబత్తూరే చూడండి. అదీ మనలాంటి ఊరే, మిల్లులు, లేత్‌లు, పంపుసెట్లు తయారుచేసే షెడ్లు. అక్కడ కరివర్ధన్ అనే ఆయన మారుతి 800 ఇంజన్ పెట్టి సొంతంగా రేసు కారు తయారుచేశాడు, ఫార్ములా మారుతి అన్నారు. నారాయణ్ కార్తికేయన్ మొదట పోటీపడింది ఆ కారులోనే. ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్న ట్రాక్‌కి కరివర్ధన్ పేరే పెట్టారు. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే తయారుచేసిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ కూడా అక్కడే జరుగుతూ వచ్చింది. నేను ఆ ట్రాక్ పక్కన నిలబడి చుట్టూ చూశాను. అక్కడ మెకానిక్‌లు చేసే పనిలో మా ఆటోనగర్‌లో చేతకానిది ఏదీ కనిపించలేదు. స్ప్రాకెట్లు, హబ్బులు మేము తిప్పగలం. ఛాసిస్ వంగితే సరిచేయగలం. మాకు లేనిది ఆ తారు ఒక్కటే.

ఈ మాట చెప్పడానికి కిందటేడు ఒక కార్యాలయానికి వెళ్లాను. కాగితం పూర్తిగా చదవకుండానే, "ఇది డబ్బున్నవాళ్ల సరదా, దీనికి ప్రభుత్వం ఎందుకు" అన్నారు. ఖర్చు ఎక్కువన్నది నిజమే, నాకంటే బాగా ఎవరికి తెలుసు. కానీ ఇది ఆట కాదనడానికి లేదు. నారాయణ్ కార్తికేయన్‌కి 2010లో పద్మశ్రీ ఇచ్చారు, ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కి 2019లో అర్జున అవార్డు ఇచ్చారు. హిమాచల్‌లోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చిన శ్రియా లోహియాకి కార్టింగ్ చేస్తున్న వయసులోనే, 2022లో, ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం వచ్చింది. మా గోడ మీద ఆ అమ్మాయి ఫొటో ఉంది. దాని పక్కన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఫొటో. సెక్యూరిటీ గార్డు కూతురు, హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్. ఆమె కూడా శిక్షణ కోసం ఈ ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మీ క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించారు, సంతోషం. మా ఆట ఒలింపిక్స్‌లో లేదు. మేము బహుమతి అడగడం లేదు. నేర్చుకోవడానికి చోటు అడుగుతున్నాం.

ఒక కిలోమీటరు పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు తారు ట్రాక్. చుట్టూ టైర్ల గోడ. సముద్రపు ఒడ్డున వద్దు, కొండలు తవ్వొద్దు. గాజువాక నుంచి ఆనందపురం దాకా వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ స్థలం ఏదైనా చాలు. ప్రభుత్వం తరఫున పది కార్టులు, హెల్మెట్లు, ఒక కోచ్, ఒక అంబులెన్స్. ప్రభుత్వ స్కూళ్ల పిల్లలకు ఏడాదికోసారి ఎంపిక పెట్టి, బాగా నడిపినవాళ్లకు జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య లైసెన్సు ఫీజు, పోటీలకు వెళ్లే ఖర్చు భరించాలి. కార్టుల రిపేరు మేము చూసుకుంటాం. ఈ విషయం ఆటోనగర్‌లో పదిమందితో మాట్లాడాకే రాస్తున్నాను. ఆదివారం చేసే పనికి కూలి వద్దన్నారు.

ఇంకొకటి ఉంది. రాత్రి పదకొండు దాటాక రుషికొండ నుంచి భీమిలి వైపు బైకులు ఎలా వెళ్తాయో మీ అధికారులకు తెలుసు. పోలీసులు ఆపుతారు, ఫైన్లు వేస్తారు, ఆపాల్సిందే. మా వీధి కుర్రాడొకడు అలాగే పోయాడు, పంతొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న ఆ బండిని తెచ్చి మా షెడ్డు పక్కన పెట్టి వెళ్లాడు, మళ్లీ దాని కోసం రాలేదు. ముందు ఫోర్కు వంగిపోయి ఉంది. వాడు వేగాన్ని ప్రేమించాడు. హెల్మెట్, గ్లవ్స్, జెండా పట్టుకుని చూసే మనిషి, తప్పు చేస్తే బయటికి పంపే నియమం ఉన్న చోటు ఒకటి ఈ ఊళ్లో ఉందని వాడికి ఎవరూ చూపించలేదు. ఎందుకంటే లేదు.

మా షెడ్డులో ఆ బండికి ఎదురుగా ఒక పాత కార్టు ఛాసిస్ ఉంది. కోయంబత్తూరులో సెకండ్ హ్యాండ్‌లో కొని, రైలు పార్సిల్లో తెచ్చాను. యాక్సిల్ నేనే సరిచేశాను. ఇంజన్ ఇంకా కొనలేదు, కొన్నా తిప్పడానికి చోటు లేదు. అమ్మాయి స్కూలు నుంచి వచ్చి రోజూ అందులో కూర్చుంటుంది, బెంగళూరు ట్రాక్ మలుపులు కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తిప్పుతుంది. ఈమధ్య మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతున్నాయి. వచ్చే ఏడాదికి తను కార్టింగ్‌లో పై విభాగానికి, పెద్ద ఛాసిస్‌కి మారాలి. మీరు విశాఖ వచ్చినప్పుడు ఒక అరగంట వీలు చేసుకుని మా షెడ్డుకి రండి సార్. స్థలాల వివరాలు, ట్రాక్ నమూనా గీసి సిద్ధంగా పెట్టాను.

ఇట్లు,
ఒక తండ్రి,
ఆటోనగర్, గాజువాక,
విశాఖపట్నం