ఈ దసరా నుంచి మా గిర్నీ పొట్లాలపై రాసే అంకెలు, రాయని మాటలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా గిర్నీకి, గానుగకు వస్తున్న వారందరికీ నమస్కారం.

ఈ దసరా నుంచి మా దుకాణంలో రెండు మార్పులు చేస్తున్నాము. పిండి, రవ్వ, పప్పు, నూనె ఏది కొన్నా, అందులో వంద గ్రాములకు పిండిపదార్థం ఎంత, కొవ్వు ఎంత, మాంసకృత్తులు ఎంత, పీచు ఎంత అనే నాలుగు అంకెలు పొట్లం ముందువైపునే, పెద్దవాళ్ళు కూడా సులువుగా చదవగలిగినంత పెద్దగా ఉంటాయి. ఐదు లీటర్ల నూనె డబ్బాపై ఇస్తున్న తగ్గింపును తీసివేసి, ఆ మేరకు లీటరు సీసా ధరను తగ్గిస్తున్నాము. వీటితోపాటు, మమ్మల్ని చాలామంది అడుగుతున్న ఒక ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెప్పదలిచాము. బజారులో దొరికే చిరుధాన్యాల పిండిపై "షుగర్ ఉన్నవారికి ప్రత్యేకం" అని, నూనె సీసాలపై "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటుంది కదా, మీరెందుకు రాయరు అని అడుగుతున్నారు. మేము ఇంతవరకు రాయలేదు, ఇకముందు కూడా రాయము. తిండి కొనేవారికి అందులో ఏముందో తెలిస్తే ఎంత తినాలో, దేనితో కలిపి తినాలో వారే నిర్ణయించుకోగలరని, అలా తెలిసి కొనేవారే మాకు కావాలని మా ఉద్దేశం.

పొట్లాలపై వేసే అంకెలు మేము ఊహించి వేసినవి కావు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల నుంచి తీసుకుని, చదవడానికి వీలుగా సమీప పూర్ణాంకానికి సవరించాము. ఆ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో పండే గింజలను, తినే కూరలను ఇంత విస్తారంగా పరీక్షించి లెక్క కట్టిన చోటు మన రాష్ట్రంలోనే ఉండడం మనకు గర్వకారణం. గింజ రకాన్ని బట్టి, నేలను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి వీటిని సగటులుగా తీసుకోండి.

అంకెలు చదివే ముందు ఒక్క లెక్క గుర్తుంచుకోవాలి. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి శరీరానికి సుమారు 4 కేలరీల శక్తి వస్తుంది, ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి కూడా అంతే వస్తుంది, ఒక గ్రాము కొవ్వు నుంచి మాత్రం 9 కేలరీలు వస్తాయి. పీచు మన చిన్నపేగులో అరగదు కనుక దాని నుంచి వచ్చే శక్తి చాలా తక్కువ.

ముందుగా జొన్నల సంగతి చెప్తాము, ఎందుకంటే మా గిర్నీలో ఎక్కువగా ఆడేది జొన్నలే, ఎక్కువ అపోహలున్నది కూడా వాటి చుట్టూనే. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, మాంసకృత్తులు 8, పీచు 3 గ్రాములు ఉంటాయి, శక్తి దాదాపు 356 కేలరీలు. అంతే బరువున్న జొన్నలలో పిండిపదార్థం 68, మాంసకృత్తులు 10, పీచు 10 గ్రాములు, శక్తి దాదాపు 334 కేలరీలు. అంటే జొన్నలలో కూడా మూడింట రెండు వంతులు పిండిపదార్థమే ఉంది. అది కూడా నోటిలోని లాలాజలంతో, ఆ తర్వాత క్లోమరసంతో విడిపోయి గ్లూకోజుగానే రక్తంలోకి చేరుతుంది. అన్నం మానేసి రొట్టె తింటున్నాము కదా అని రెండు రొట్టెలు తినవలసిన చోట నాలుగు తిన్నవారికి రక్తంలో చక్కెర తగ్గదు, బరువు కూడా తగ్గదు. జొన్నలలో నిజమైన మేలు పీచులో ఉంది. బియ్యంతో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉన్న ఆ పీచు వల్ల కడుపు త్వరగా నిండినట్లు ఉంటుంది, అరుగుదల నిదానిస్తుంది. అందుకే పొట్టు తీసి తెల్లగా పాలిష్ చేసిన జొన్నలు, కొర్రలు చూడడానికి బాగున్నా మేము తేవడం లేదు. పాలిష్‌లో పోయేది ముఖ్యంగా ఆ పీచే.

ఇందులో గిర్నీ చేసే పని కూడా ఉంది. పిండి ఎంత మెత్తగా ఆడితే జీర్ణరసాలకు అంత త్వరగా చిక్కుతుంది, గ్లూకోజు అంత వేగంగా రక్తంలో కలుస్తుంది. మైదాలాగా మెత్తగా ఆడి ఇవ్వమని అడిగేవారికి కాదనము గానీ, గట్కకు, ఉప్మాకు జొన్న రవ్వనే తీసుకోమని, రొట్టెకైనా ఒక మాదిరి గరుకుగా ఆడించుకోమని మా సలహా. జొన్నలలో గోధుమలలోలాగా గ్లూటెన్ లేదు కనుక పిండి సాగదు. మరిగే నీళ్ళు పోసి కలిపినప్పుడు పిండిపదార్థం కొంత ఉడికి జిగురు వస్తుంది, దానితోనే రొట్టె చేతికి నిలుస్తుంది. రొట్టె చేసే తల్లులకు ఇది మేము చెప్పవలసిన పని లేదు. అయితే ఆ జిగురుకోసం మెత్తటి పిండే కావాలని అనుకోనవసరం లేదని, నీళ్ళు బాగా మరిగితే గరుకు పిండి కూడా నిలుస్తుందని మాత్రం చెప్పగలము.

జొన్నల మాంసకృత్తుల గురించి మరొక్క విషయం ఉంది. పట్టికలో పది గ్రాములు కనిపించినా, నీళ్ళతో ఉడికించినప్పుడు జొన్నలలోని మాంసకృత్తులు గట్టిపడి సరిగా అరగవు కాబట్టి శరీరానికి అందేది అంతకంటే తక్కువే. రొట్టెకు తోడు పప్పో, పెరుగో, గుడ్డో ఉండాలని మేము పట్టుబట్టి చెప్పడం ఇందుకే.

మధుమేహానికి మందులు వాడుతున్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, అన్నం నుంచి చిరుధాన్యాలకు మారేటప్పుడు తమ డాక్టరుకు చెప్పి మారాలి. పిండి పొట్లంపై ఒక ముక్క రాసి ఆ సలహాకు బదులుగా నిలబెట్టడం మాకు తప్పుగా తోస్తుంది.

సజ్జ పిండి అడిగినప్పుడల్లా ఎందుకు ఉండదో కూడా ఇక్కడే చెప్తాము. సజ్జలలో కొవ్వు వంద గ్రాములకు సుమారు 5 గ్రాములు, జొన్నలలో దాదాపు 2 గ్రాములు. గింజగా ఉన్నంతకాలం ఆ కొవ్వు, దాన్ని విడగొట్టే ఎంజైము ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఆడించిన వెంటనే రెండూ కలిసి, కొద్ది రోజుల్లోనే పిండి చేదెక్కుతుంది. కనుక సజ్జలను మీరు అడిగిన రోజునే, వారానికి సరిపడా మాత్రమే ఆడి ఇస్తాము.

ఇక నూనె. మా గానుగలో పల్లి నూనె, నువ్వుల నూనె తీస్తాము. గానుగ నూనెకు వాసన ఉంటుంది, రుచి ఉంటుంది, రిఫైనింగ్‌లో కొంత పోయే విటమిన్ ఇ వంటివి అందులో నిలుస్తాయి. అందుకే ఎక్కువ ధర పెట్టి మీరు కొంటున్నారు, మేము కూడా ఆ పనిని ఇష్టంగా చేస్తున్నాము. కానీ గానుగ నూనె అయినా, రిఫైన్డ్ నూనె అయినా, నెయ్యిలోని కొవ్వు అయినా గ్రాముకు 9 కేలరీలే. గానుగ నూనె కనుక ఎంత పోసినా ఫరవాలేదని మా కొట్టు ముందే కొందరు అనుకోవడం విని మాకు బాధ కలిగింది.

ఒక ఇంటి లెక్క చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు, అంటే ఒక్క నూనె నుంచే 340 కేలరీలు పడుతున్నాయి. కూర్చుని పనిచేసేవారికి వంటలో వేసే నూనె, నెయ్యి అన్నీ కలిపి ఆడవారికి రోజుకు 20 గ్రాములు, మగవారికి 25 గ్రాములు చాలునని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. పొలంలో, కూలి పనిలో ఒళ్ళు వంచేవారికి అంతకంటే ఎక్కువ కావాలి. పల్లీలు, నువ్వులు, పాలు, మాంసంలో కంటికి కనిపించకుండా ఉండే కొవ్వు దీనికి అదనం. ఆ ఇంటికి నెలకు మూడు లీటర్లు సరిపోతాయి. ఐదు లీటర్లకు తగ్గింపు ఇచ్చి, ఇంట్లో డబ్బా నిండుగా ఉండేటట్లు చేసి, ఆ తర్వాత తక్కువ వాడమని చెప్పడంలో అర్థం లేదు. అందుకే లీటరు కొన్నా, ఐదు లీటర్లు కొన్నా ఇకపై లీటరుకు ఒకటే ధర ఉంటుంది. మా నూనె అమ్మకం దీనితో తగ్గుతుందని తెలిసే ఈ పని చేస్తున్నాము.

"కొలెస్ట్రాల్ లేదు" అనే మాట విషయానికి వస్తే, కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉంటుంది, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత ఉండదు. అన్ని వంటనూనెలకూ వర్తించే సంగతిని ఒక సీసాపై రాస్తే, పక్క సీసాలో అది ఉందేమోననే అనుమానం కలుగుతుంది. పైగా రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేవి ఆహారంలోని సంతృప్త కొవ్వులు, వనస్పతి వంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వులు. పల్లి నూనెలో సంతృప్త కొవ్వు దాదాపు అయిదో వంతు, నువ్వుల నూనెలో అంతకంటే కొంచెం తక్కువ, పామాయిల్‌లో సుమారు సగం, కొబ్బరి నూనెలో పదింట తొమ్మిది వంతులు. ట్రాన్స్ కొవ్వు నూనెలలో, వనస్పతిలో 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ఉంది.

మా సరుకులోని లోటు కూడా మేమే చెప్పాలి. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు ఆమ్లాలు రెండున్నాయి, లినోలెయిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. మొదటిది మా రెండు నూనెలలోనూ పుష్కలంగా ఉంది. ఒమేగా-3 వర్గానికి చెందిన రెండవది పల్లి నూనెలో ఇంచుమించు లేదు, నువ్వుల నూనెలో అతి స్వల్పం. కాబట్టి ఏడాది పొడవునా మా నూనెలే వాడేవారు వారంలో కొన్ని రోజులు ఆవనూనె గానీ సోయా నూనె గానీ వాడండి, అవి మా దగ్గర లేవు కనుక వేరే దుకాణంలో తీసుకోండి. లేదంటే అవిసె గింజల కారం అన్నంలో కలుపుకోండి. చేపలు తినేవారికి ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మాంసకృత్తుల పొడి డబ్బాలు పెట్టమని జిమ్‌కు వెళ్ళే తమ్ముళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. పెట్టము. శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల నాణ్యమైన మాంసకృత్తులు రోజుకు చాలునని జాతీయ పోషకాహార సంస్థ 2020లో విడుదల చేసిన సిఫార్సులు చెప్తున్నాయి. ఎక్కువగా అన్నం, రొట్టె మీద ఆధారపడే మన వంటి వారు కిలోకు ఒక గ్రాము అనుకుంటే మంచిది. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. రోజంతటిలో 300 గ్రాముల బియ్యం వండుకుంటే 24 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పు నుంచి 16, రెండు గుడ్ల నుంచి 12, పావులీటరు పాలు లేదా పెరుగు నుంచి 8 గ్రాములు వస్తాయి, సరిగ్గా అరవై. బరువులెత్తి గట్టిగా కసరత్తు చేసేవారికి ఇంకొంచెం ఎక్కువ కావాలి, దానికి గుప్పెడు ఉడికించిన శనగలో, మరో గుడ్డో చేర్చవచ్చు.

అసలు చిక్కు పప్పు పరిమాణంలో ఉంది. మన ఇళ్ళలో రోజూ పప్పుచారు ఉంటుంది, కానీ అందులో మనిషికి పది గ్రాముల పప్పు పడితే వచ్చేది రెండు గ్రాముల మాంసకృత్తులే. పిల్లలకు, బాలింతలకు, పళ్ళు ఊడి మాంసం నమలలేని పెద్దలకు పప్పు చిక్కగా వండి పెట్టండి. మాంసకృత్తులు ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయి, వాటిలో తొమ్మిదిని ఆహారం నుంచే తీసుకోవాలి. బియ్యంలో, జొన్నలలో లైసిన్ తక్కువ, పప్పులలో అది ఎక్కువ. పప్పులలో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యాలలో తగినంత ఉంటుంది. పప్పన్నంలో ఒకదాని కొరత ఒకటి తీరుస్తుంది. ఈ నెల నుంచి కందిపప్పు, పెసరపప్పుతో పాటు ఉలవలు, బబ్బెర్లు, శనగలు కూడా అమ్ముతున్నాము. వీటన్నిటిలో మాంసకృత్తులు దాదాపు ఒకే స్థాయిలో, వందకు 20 గ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి, కనుక ఆ రోజు ధర ఏది తక్కువగా ఉంటే దాన్ని తీసుకోండి.

సద్దుల బతుకమ్మకు నువ్వుల సత్తు, పల్లి సత్తు, పెసర సత్తు ఎప్పటిలాగే ఆడి ఇస్తాము. బెల్లంతో చేసినది కనుక షుగర్ ఉన్నవారు తినవచ్చా అని అడుగుతున్నారు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. రక్తంలో చక్కెర విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నువ్వులు, బెల్లం సమానంగా కలిపి కట్టిన పాతిక గ్రాముల ముద్దలో సుమారు 110 కేలరీలు ఉంటాయి. పండుగనాడు ప్రసాదంగా ఒక ముద్ద తినడం వేరు, డబ్బాలో పెట్టుకుని నెలంతా తినడం వేరు. బెల్లం లేకుండా సత్తు కావాలన్నవారు ముందే చెప్తే విడిగా ఆడి పెడతాము.

సత్తులకు సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందే చెప్పాలి, ఎందుకంటే నువ్వులు, పల్లీలు ఆడిన గిర్నీ రాయికి నూనె పట్టి ఉంటుంది, అది శుభ్రం చేసేదాకా జొన్నలు ఆడలేము. సజ్జ పిండి కావలసినవారు ఉదయం చెప్తే సాయంత్రానికి ఇస్తాము. పాత పొట్లాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అవి అయిపోయేవరకు వాటిపై కొత్త అంకెలున్న కాగితం విడిగా అంటిస్తున్నాము. ఆ కాగితం లేని పొట్లం మీ చేతికి వస్తే కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి.