క్యాలెండర్లు జనవరి 1కి రావు, కారణం ఇదీ

మా పెరటి పిట్టల క్యాలెండర్ కోసం ముందే డబ్బు కట్టిన మీ అందరికీ ఉన్న విషయం చెప్పాలి. ఈసారి క్యాలెండర్లు సంక్రాంతి దాటాకే మీకు చేరతాయి. అచ్చయి వచ్చిన 400 కాపీలనూ నేనే వెనక్కి పంపేశాను.

కట్ట విప్పగానే మార్చి పేజీ తీశాను. నూరువరహాల గుత్తి మీద వాలిన మగ తేనెపిట్ట. ఎండలో ఒక పక్కకు తిరిగితే ఊదాగా, ఇంకాస్త తిరిగితే నీలంగా కనిపించే ఈకలు దానివి. వెలుగు పడే కోణాన్ని బట్టి పుట్టే రంగు అది. దానికోసం తొమ్మిది రోజులు పొద్దున్నే లేచి కాపు కాశాను. పేజీలో ఆ మెరుపే లేదు. మెడంతా ఒకటే నీలం, ప్లాస్టిక్ బొమ్మకు రంగు పూసినట్టు. పిగిలిపిట్ట రొమ్ము మీద పొలుసుల్లాంటి గీతలు మాయం. జెముడుకాకి ఎర్రటి కంట్లో నా ఫోటోలో లేని తెల్లచుక్క ఒకటి.

ప్రెస్‌కు ఫోన్ చేస్తే, "మీది పాత కెమెరా కదమ్మా, ఫోటోల్లో గ్రెయిన్ ఉంది, ఏఐలో పెట్టి క్లీన్ చేశాం" అన్నారు. గ్రెయిన్ అంటే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే సన్నటి మచ్చలు. నేను ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా, చూసి సరే అన్నాక చేసిన పని ఇది. ఆరేళ్లుగా పని ఇస్తున్నా, నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ "పాత కెమెరా" మాట ఇంకా గుచ్చుకుంటోంది. నాది నికాన్ డి90, 2008లో వచ్చిన మోడల్, 12.3 మెగాపిక్సెల్. ఫోటో వెడల్పు 4288 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అచ్చు వేస్తే 14 అంగుళాలు దాటుతుంది. మన పేజీలో ఫోటో వెడల్పు 12 అంగుళాలే. చాలదని ఎలా అంటారు? మబ్బు పట్టినప్పుడు ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగులో ఫోటో తీయడానికి పెంచే సెట్టింగు, 800 దాటిస్తే గ్రెయిన్ వస్తుంది, నిజమే. దూరంగా ఉన్న పిట్టను తీసి, చుట్టూ ఎక్కువ కత్తిరించి పెద్దది చేయడమూ కుదరదు. అందుకే కరివేపాకు చెట్టు దగ్గర పాత దుప్పటి కట్టి, దాని వెనక కదలకుండా కూర్చుంటాను. పళ్లు నల్లబడిన రోజుల్లో పిగిలిపిట్టలు రెండు మూడు గజాల దూరానికే వచ్చేస్తాయి.

మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఉన్నవి పంపేస్తే చాలామందికి తేడా తెలియదని మా ఆయనే అన్నారు. జనవరి దాటాక క్యాలెండర్ ఎవరికి కావాలని టెన్షన్ కూడా. పార్సిళ్లు కట్టడం మొదలుపెట్టాను. అడ్రసులు రాస్తుంటే ఒక టీచరు గారి పేరు వచ్చింది. క్లాసులో ఈ పేజీలే చూపించి పిల్లలకు పిట్టల పేర్లు నేర్పుతున్నానని కిందటేడు ఫోన్ చేశారు. ఆ పిల్లలకు లేని ఈకలు చూపించనా? పెన్ను పక్కన పెట్టేశాను.

ఇప్పుడు వేరే ప్రెస్‌కు ఇచ్చాను. అచ్చు వేసే రోజు మిషన్ పక్కనే ఉంటాను. మీరు అదనంగా ఒక్క రూపాయీ కట్టక్కర్లేదు. ఈ జనవరి పేజీ వృథా అవుతుంది కాబట్టి, వచ్చే జనవరి పేజీ కూడా కలిపి 13 పేజీలు వేయిస్తున్నాను. వద్దనుకున్నవాళ్లు ఒక్క మెసేజ్ పెడితే చాలు, మొత్తం డబ్బు వెనక్కి వేస్తాను, కారణం అడగను.

కొత్త కెమెరా కొనమని ప్రేమతో చెప్పినవాళ్లున్నారు. కొనను. వచ్చే ఏటి ఫోటోలూ డి90తోనే తీస్తాను. దుప్పటి నిన్ననే మళ్లీ కట్టాను.