చదరంగం ఆడే పిల్లలకు కాస్త టైం ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మూడేళ్లుగా ఆదివారం వస్తే మా మనవడిని వెంటబెట్టుకుని చెస్ టోర్నమెంట్లకు తిరుగుతున్నాను. మేం వెళ్లినవి దాదాపు అన్నీ ఒక్కరోజు ర్యాపిడ్ పోటీలే. ఒక్కొక్కరికి పావుగంట, ఎత్తుకు అయిదు సెకన్లు అదనం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఆరింటికల్లా ఏడెనిమిది రౌండ్లు ముగించి, కప్పులు పంచేసి, హాలు ఖాళీ చేయాలి. పిల్లలకు ఇది సరదాగానే ఉంటుంది. కానీ ఏడాది పొడవునా ఇదే అయితే వాళ్లకు ఆట రాదు.

మొన్న వేసవిలో ఒక టోర్నీ ఆరో రౌండ్. తల్లిదండ్రులను తాడు అవతల నిలబెడతారు కదా, మావాడి బోర్డు ఆ తాడు పక్కనే పడింది. మావాడికి ఒక ఏనుగు, రెండు బంట్లు. ఎదుటి పాపకు ఒక ఏనుగు, ఒక బంటు. గెలవాల్సిన ఆట. మావాడి గడియారంలో 38 సెకన్లు ఉన్నాయి. పావు కదిపీ కదపకముందే చెయ్యి గడియారం మీదికి పోతోంది. చూపు బోర్డు మీద లేదు, ఆ ఎర్ర అంకెల మీదే ఉంది. బంటుకు కాపలాగా ఉన్న ఏనుగును తీసి ఊరికే ఒక చెక్ చెప్పాడు. ఆ బంటు పోయింది, కాసేపటికి రెండోదీ పోయింది, ఆటా పోయింది.

బయటికొచ్చాక "ఎక్కడ తప్పిందిరా?" అని అడిగాను. "ఏమో తాతయ్యా, గుర్తు లేదు" అన్నాడు. ఓడినందుకు నాకు బాధ లేదు, ఆ "గుర్తు లేదు" అన్న మాటే మనసులో ఉండిపోయింది. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయనక్కర్లేదు. గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలో రాసి తీరాలి. ఆ కాగితం చేతిలో ఉంటే రాత్రికి ఇంట్లో బోర్డు పరుచుకుని, ఫలానా ఎత్తు దగ్గర ఆపి, ఇక్కడ ఏమనుకున్నావురా అని అడగొచ్చు. స్టెప్పులు రాయకుండా జవాబు ఒక్కటే వేసిన పిల్లాడికి తప్పెక్కడ జరిగిందో ఏ లెక్కల మాస్టారూ చూపించలేడు. చదరంగంలోనూ అంతే.

టైం తక్కువైన చోట ట్రాపులకు, అంటే ఉచ్చులకు గిరాకీ పెరుగుతుంది. నాలుగెత్తుల మాట్ అందరికీ తెలిసిందే. మంత్రిని ముందే బయటికి తెచ్చి, శకటు అండతో నల్లరాజు పక్కనున్న ఎఫ్7 గడి మీద పడటం (గడులకు ఇలా అక్షరం, అంకె కలిపి పేర్లుంటాయి). చిన్న పిల్లల విభాగంలో అది రెండు మూడు రౌండ్లు గెలిపిస్తుంది. జీ బంటును ఒక గడి జరిపి, గుర్రాన్ని ఎఫ్6లో పెట్టడం తెలిసిన పిల్లాడు ఎదురైతే ఇక ఆ మంత్రికి పరుగులే పని. ఈలోగా వాడు పావులన్నీ బయటికి తెచ్చుకుంటాడు. మావాడి బ్యాచ్‌లో ఒక అబ్బాయి ఒక్క ఏడాదిలో లండన్, స్కాచ్, కింగ్స్ గాంబిట్ అని మూడు ఓపెనింగ్‌లు (ఆట మొదలుపెట్టే పద్ధతులు) మార్చాడు. ఓడినప్పుడల్లా ఒక కొత్త ఓపెనింగ్. నేను చూసిన అతని ఓటములన్నీ ఇరవయ్యో ఎత్తు దాటాక జరిగినవే. మొదటి మూడెత్తులు మారిస్తే అవెలా ఆగుతాయి?

మావాడికి ఏడాదిన్నరగా తెల్లపావులతో ఇటాలియన్ అనే ఓపెనింగ్ ఒక్కటే. నల్లపావులతో అయితే, ఎదుటివాళ్లు బంటును ఇ4కి జరిపితే ఇ5, డి4కి జరిపితే డి5. గుర్రం ఎఫ్3కి ఎందుకు, శకటు సి4కి ఎందుకు, క్యాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు చేర్చడం) తొందరగా ఎందుకు అని అడిగితే ఇప్పుడు తడుముకోకుండా చెబుతాడు.

శనివారం రాత్రి మేమిద్దరం ఇంట్లో చెరో 45 నిమిషాలు పెట్టుకుని ఒక ఆట ఆడతాం. ఎత్తు పక్కన మిగిలిన టైం కూడా రాయాలని నియమం పెట్టాను. మొదటి నెల కాగితాలు చూస్తే మావాడు 45 నిమిషాల్లో పది కూడా వాడలేదు! టైం ఉన్నా ఆలోచించడం అలవాటు లేదు. మంత్రులు మారే కీలకమైన ఎత్తుకు నాలుగు సెకన్లు, ఏం చేసినా ఒకటే అయిన ఎత్తుకు రెండు నిమిషాలు. ఎక్కడ ఆగాలో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. నెమ్మదిగా ఆడటం కూడా నేర్పాల్సిన విద్యేనని నాకు అప్పుడే అర్థమైంది.

మన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది కదా, ర్యాపిడ్‌కేం తక్కువ అని కొందరు తల్లిదండ్రులు నాతో వాదించారు. గుడివాడలో పుట్టిన ఆ అమ్మాయి 2002లోనే, పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ బిరుదుకు కావాల్సిన నార్మ్‌లు (అర్హత ఫలితాలు) క్లాసికల్ టోర్నీల్లోనే వస్తాయి. మా గుంటూరు గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక, వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ వచ్చిందీ ఆ దారినే. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు గుకేశ్ 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, మొదటి 40 ఎత్తులకే రెండు గంటలిచ్చే పోటీలో. అందరూ డ్రా అనుకున్న పద్నాలుగో ఆటలో 55వ ఎత్తు దగ్గర ప్రత్యర్థి, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగుతో పొరపాటు చేశాడు. అప్పటికీ ఓపిగ్గా కూర్చుని చూస్తున్నాడు కాబట్టే గుకేశ్‌కు అది దొరికింది.

నిర్వాహకులను తప్పుపట్టను. హాలు అద్దె, ఆర్బిటర్ల (అంపైర్ల) ఫీజు, భోజనాలు, అన్నీ ఒక్కరోజుకే తడిసి మోపెడవుతాయి. అయితే లెక్క చూడండి. మనిషికి గంట, ఎత్తుకు 30 సెకన్లు ఇస్తే 60 ఎత్తుల ఆట మూడు గంటల్లో ముగుస్తుంది. రెండో శనివారం మూడు రౌండ్లు, మర్నాడు రెండు. దీనికి ఫంక్షన్ హాలు అక్కర్లేదు. ఆ రెండు రోజులూ ప్రభుత్వ హైస్కూళ్ల గదులు తాళాలు వేసి ఉంటాయి. బెంచీలున్నాయి, ఫ్యాన్లున్నాయి. విద్యాశాఖ ఆ గదులివ్వాలి. జిల్లా చెస్ సంఘాలు రెండు నెలలకొకసారైనా ఇలాంటి టోర్నీ పెట్టాలి. ర్యాపిడ్ పోటీలు మానేయమని ఎవరూ అనడం లేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఫోన్లో మూడు నిమిషాల ఆటలు రోజుకు ఇరవై ఆడించే బదులు వారానికి ఒక్కటి, కాగితం మీద రాస్తూ ఆడించండి. ఓడొస్తే ఆ కాగితం అడగండి, కప్పు సంగతి తర్వాత.

ఆర్బిటర్లకు సాయం చేయడానికి, చిన్నపిల్లలకు ఎత్తులు రాయడం నేర్పడానికి, పొద్దున్నే వచ్చి బెంచీలు సర్దడానికి నాలాంటి రిటైరైన మాస్టార్లం మా ఊళ్లోనే నలుగురైదుగురం సిద్ధంగా ఉన్నాం. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి.