చూడాల్సింది బోర్డుని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నానండి, ఈమధ్య ఒక సీనియర్ లెక్కల మేడమ్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూశా, మొదట్లో ఆవిడ బోర్డు మీద రాసిందల్లా నోట్ చేసుకునేదాన్ని, తర్వాత అర్థమైంది చూడాల్సింది పిల్లల్ని అని. ఒకబ్బాయి ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అన్నాడు. నేనైతే తప్పు అనేసి ఫార్ములా చెప్పేసేదాన్ని. ఆవిడ మాత్రం సరే, 3, 4 పెట్టి చూడు అన్నారంతే. ఒకవైపు 49, ఇంకోవైపు 25, మరి ఆ 24 ఎటు పోయింది అని క్లాసంతా ఒకటే గోల! చివరికి 7 భుజం ఉన్న చతురస్రం గీసి, భుజాల్ని 3, 4గా విడదీసి నాలుగు ముక్కలు చేస్తే అందులో రెండు 12లు దొరికాయి.

ఇంకోటి, ప్రశ్న అడిగాక ఆవిడ ఆగుతారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చెప్పారు, చదివినప్పుడు ఇదేం పెద్ద విషయం అనుకున్నా గానీ నేను ఒక పీరియడ్ తీసుకున్నప్పుడు తెలిసింది ఆ 3 సెకన్లు ఎంత పొడుగో, రెండుసార్లు జవాబు నేనే చెప్పేశా.

మాతో లెసన్ ప్లాన్లు రాయించడమే ఎక్కువ, ఇలా కూర్చుని చూసే రోజులు తక్కువ. అవి పెంచండి, క్లాసయ్యాక ఆ టీచర్‌తో పది నిమిషాలు మాట్లాడే టైమ్ కూడా ఇవ్వండి. ఆ 3, 4 ముందే అనుకుని వచ్చారా అని అడుగుదామనుకునేలోపు బెల్ కొట్టేశారు.

ఇట్లు,
కాబోయే లెక్కల టీచర్