సింహాచలం మనిషి పేరు కూడా

సంపాదకుల వారికి,

ఉత్తరాంధ్రలో సింహాచలం అని మగపిల్లాడికీ పెడతారు, ఆడపిల్లకీ పెడతారు. సింహాచలం కొండమీది నరసింహస్వామి అప్పన్నకు మొక్కుకున్నాక పుట్టిన బిడ్డకు ఆయన కొండ పేరే పెట్టడం పాత ఆనవాయితీ. అచలం అంటే కదలనిది, కొండ. సింహాద్రి అన్నా అర్థం అదే. భద్రాచలం, శ్రీశైలం, యాదగిరి కూడా ఇలా మనుషుల పేర్లయినవే. అప్పలకొండ అయితే ఆడవాళ్ల పేరు. తాతల, నాయనమ్మల తరంలో వీధికొకరు ఉండే సింహాచలం ఇప్పుడు ఉయ్యాలలో అరుదుగా వినిపిస్తోంది. ఇంత చక్కని పేరు పెట్టాలనుకునే కొద్దిమందికైనా జనన నమోదు దగ్గర చిక్కులు రాకూడదు.

కొండమీద తలనీలాలిచ్చాకే పేరు పెడదామని కొందరు ఆగుతారు. జననం మాత్రం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆ తొందరలో తోచిన పేరేదో రాయించేస్తారు. ఆ అవసరమే లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆపైన 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుం కట్టాలి. ఖాళీ గడి నింపడం తేలిక. ఒకసారి రాసింది మార్చాలంటే 15వ సెక్షన్ కింద అది తప్పని రుజువు చూపాలి. అప్పుడైనా మొదటి రాత చెరపరు, అంచులో సవరణ రాస్తారు.

అసలు తంటా స్పెల్లింగుది. నోటితో అందరూ సిమ్మాచలం అంటారు. రాసేవారు విన్నది విన్నట్టు ఇంగ్లిషులో రెండు ఎమ్‌లు వేస్తారు. బడిలో ఎమ్ పక్కన హెచ్ చేరుతుంది. ఆధార్‌లో ‘చ’ దగ్గర ఇంగ్లిషు A బదులు E పడుతుంది. పేరును బట్టి ఆడో మగో తేల్చలేం కాబట్టి ఆ గడిలోనూ పొరపాటుకు ఆస్కారముంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడిన అక్షరమే జీవితాంతం వెంట వస్తుంది.

కాబట్టి ధ్రువపత్రం ఇచ్చే ముందు చిత్తుప్రతిని తల్లిదండ్రుల చేతిలో పెట్టి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అక్షరం అక్షరం చదివించి సంతకం తీసుకోవాలి. 12 నెలల వెసులుబాటును ప్రతి ప్రసూతి వార్డులోనూ తెలుగులో పెద్ద అక్షరాలతో గోడకు అంటించాలి. అధికారులు ఈ రెండు పనులూ వెంటనే చేపట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం